బంగాళాదుంపకు తగ్గని ఎరుపు

మా ఆయన ఆదిత్యపూర్‌లో వెల్డర్. నేను భాలుబాసాలో చిన్నపిల్లల బడిలో పంతులమ్మని. మా ఇళ్లలో కన్ను ఎర్రబడితే ఆర్కు కొట్టిందంటారు. వెల్డింగ్ వెలుగు సూటిగా కంట్లో పడిందని అర్థం. బంగాళాదుంప ముక్కలు కళ్లమీద పెట్టుకుని చీకటి గదిలో పడుకుంటే తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఆ చలికాలం ఆయన కుడికన్ను ఎర్రబడినప్పుడూ అదే చేశాం. దుంపలు అయిపోయాయి గానీ ఎరుపు పోలేదు. కిటికీ తెర కాస్త తొలిగితే చాలు, విలవిల్లాడిపోయేవారు.

చివరికి సాక్చీలో కంటి డాక్టరమ్మకు చూపించాం. "యే ఆర్క్ నహీ హై," అందామె హిందీలో, ఇది ఆర్కు కాదని. జబ్బుల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురుతిరిగి కంటి లోపల వాపు తెచ్చిందట. కంట్లో వేసుకోవడానికి చుక్కలమందు రాసి, అది మానేస్తే చూపు పోవచ్చని గట్టిగా చెప్పింది. రక్తపరీక్షలో విటమిన్ డి కూడా బాగా తక్కువని తేలింది. దానికి మాత్రలు రాసి, ఇవి ఆ లోటు పూడ్చడానికే, కంటికి మందు మాత్రం చుక్కలే అంది.

మా అత్తగారి చెవికెక్కింది ఆ డి ఒక్కటే.

"ఇటమిన్ డి అంటే ఎండే కదేటే! రేకుల షెడ్డులో, ముసుగెనకాల పన్జేసినోడికి ఎండేటి తగుల్తాది? మేడమీద కూకోబెట్టు, అన్నీ అయ్యే సర్దుకుంతాయి."

వెలుగు ఓర్వలేని మనిషిని ఎండలో కూర్చోబెట్టడమేమిటని నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం నల్లద్దాలు పెట్టుకుని రోజూ మేడెక్కారు. కొన్నాళ్లకు ఎరుపు నిజంగానే తగ్గింది. అన్నాళ్లూ వేసుకున్న చుక్కలు మానేసి, సీసా అలమరలో పెట్టేశారు.

"తగ్గిపోనాదే. సోమారం డూటీకెల్తాను," అన్నారు.

"నాను సెప్పనేదా?" అని అత్తగారి ముఖం వెలిగిపోయింది.

నాకు నమ్మకం కుదరలేదు, భయం వేసింది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, చీర మార్చుకుని, మేడమీదికి వెళ్లాను. ఆయన కళ్లు మూసుకుని ఎండకు కూర్చున్నారు. ఎదురుగా కూర్చుని నల్లద్దాలు తీసి, ఎడమకన్ను అరచేత్తో మూసి, కుడికన్ను తెరవమన్నాను.

"నేను వేసుకున్నది ఏ రంగో చెప్పండి."

"నాకూ పరీచ్చలెడతన్నావేటే పంతులమ్మా," అని నవ్వారు. "నీలం."

పొద్దున్న బడికి బయల్దేరినప్పుడు నీలం చీరే కట్టుకున్నాను. ఇప్పుడు ఒంటిమీద ఉన్నది పసుప్పచ్చ నైటీ.

"మళ్లీ చూడండి," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది.

"సెయ్యి తియ్యే," అన్నారు. "ముందు నువ్వు సెయ్యి తియ్యి."