నా పేరు, బామ్మర్ది రక్తం

ఇంకొకడి రక్తాన్ని నాదని చెప్పి పరీక్షకు పంపి, ఒక ఇంటిని ఎలా ఏడిపించానో చెబుతాను. మీరు నవ్వండి, ఫర్వాలేదు. నాకూ కాస్త బరువు తగ్గుతుంది.

మా అన్న ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయాడు. తమ్ముణ్నైన నాకూ వచ్చే ప్రమాదం ఎక్కువేనని, పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేయించమని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఆవిడ సుగుణ నా చెవి వదల్లేదు. నేనా, ఏడో తరగతి పరీక్షకు భయపడి బడే మానేసినవాణ్ని! ఎల్బీనగర్‌లో కూలర్లు బాగుచేస్తూ ఎన్ని కరెంటు షాకులు తిన్నా బెదరలేదు గానీ, ఆ రిపోర్టులో రాబోయే అంకెను తలచుకుంటే మాత్రం బేరింగు పోయిన ఫ్యానులా వణికాను.

అందుకే సుగుణ తమ్ముడు యాదగిరిని పట్టుకున్నాను. యాభై దాటినా లారీ టైరును ఒక్కడే ఎత్తే మనిషి.

“నా పేరు మీద నువ్వు రక్తమియ్యి. నీకేం రోగముంటది? నార్మలొస్తది, మీ అక్క ఊకుంటది.”

“గిదేం పని బావా?”

“బిర్యానీ తినిపిస్త.”

“పా మరి!”

దిల్‌సుఖ్‌నగర్‌లో ల్యాబు అమ్మాయి ఫారం చూసి, “యాభై తొమ్మిదా? అట్ల కనిపిస్తలేరు అంకుల్,” అంది. వాడు పెళ్లికొడుకులా మురిసిపోయాడు.

సాయంత్రం ఫోనుకు రిపోర్టు వచ్చింది. నాలుగు లోపు ఉండాల్సిన అంకె పద్నాలుగు! సుగుణ కూలబడింది. నాకు మొదట కలిగింది, సిగ్గుతోనే చెబుతున్నాను, సంతోషం. అది నాది కాదు కదా! మరుక్షణం, గోడకు ఆనుకుని నిలబడ్డ యాదగిరి కనిపించాడు.

“తమ్మీ, మీ బావను నువ్వే జూసుకోవాలె,” అంటూ సుగుణ వాడి చేతులు పట్టుకుంది.

“జూసుకుంట అక్కా,” అన్నాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

“ఏడ్వకే. గా రక్తం నాది కాదు,” అన్నాను.

“మరెవరిది?”

యాదగిరి చొక్కా చేతిని కిందికి లాక్కోబోయాడు. వాడి మోచేతి మడతలో దూది పట్టీ ఇంకా ఊడలేదు. సుగుణ చూపు దాని మీద ఆగిపోయింది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ అంకె ఒక్కటే చూసి రోగమని చెప్పలేమన్నాడు డాక్టరు. స్కానింగూ, లోపలి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షా అయ్యాక క్యాన్సరేనని తేలింది. నాకూ పరీక్ష చేశారు. నార్మల్! అన్న రక్తం పంచుకు పుట్టిన నాకు లేదు, బిర్యానీకి ఒప్పుకున్నవాడికి ఉంది.

వాడికి వైద్యం నడుస్తోంది. మూడు నెలలకోసారి అదే ల్యాబుకు నేనే తీసుకెళ్తాను. మొన్న మెట్ల దగ్గర ఆగిపోయాడు.

“బావా, ఈసారి నా పేరు మీద నువ్వియ్యరాదు? నీదైతే నార్మలొస్తది.”

అని వాడే నవ్వాడు. జోకుల మీద బతికే నాకు నవ్వు రాలేదు.

కాబట్టి నా దుకాణంలోని కూలర్లన్నిటి సాక్షిగా, వాడు ఇప్పటికీ తినని ఆ బిర్యానీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై నా రక్తం నేనే ఇస్తాను. వాడి బదులు కూడా నేనే ఇవ్వగలిగితే బాగుండునని మాత్రం ఎవరితోనూ అనను.