ఆవకాయ టీమ్

కొలువుల చేరిన కొత్తల మాకు తిండి బాధ కంటే నెట్ బాధే ఎక్కువుండె. ఇప్పుడు అన్నీ ఉన్నయి, ఆ బాధే లేదు. పటాన్‌చెరుల మందుల కంపెనీ ప్యాకింగ్ పని నాది. హాస్టల్ రూముల మేం నలుగురం ఆడపిల్లలం ఫోన్ల తుపాకుల ఆట ఆడి ఆడి టీమే పెట్టినం. (కెప్టెన్ను నేనే, ఎందుకంటే నా ఫోనే జెర మంచిగుండె.) పోటీలల్ల దిగుదమంటే హాస్టల్ నెట్ సరిగ్గ శత్రువు కనవడ్డప్పుడే ఆగుతుండె. "స్పాన్సర్ను పట్టాలె" అన్నది మాల ఒకామె, మేం పొట్టి అని పిలిచేటిది, ఆటో పట్టినంత అల్కగ.

రెండు ఫ్యాక్టరీలోళ్లు గేటుకాడికెళ్లే వాపస్ పంపిన్రు. ఆఖరికి దొరికింది హాస్టల్ వెనక పచ్చళ్లు అమ్మే పిన్నిగారు. భర్త ఉద్యోగానికని భీమవరం దిక్కు నుంచి వచ్చి ఈడనే ఉండిపోయిన మనిషి. అంత విని, "మీరు ఆడుకుంటుంటే జనం చూస్తారా? వాళ్లకి పన్లేదా?" అన్నది. మళ్ల ఆమెనే, "సరే, కొట్టు పైగదిలో నెట్ పెట్టిస్తాను. ఆడేటప్పుడు మా ఆవకాయ గురించి రెండు ముక్కలు చెప్పండి. ఓడిపోయి నా పరువు మాత్రం తియ్యకండి" అన్నది.

మొదటి పెద్ద మ్యాచ్ లైవ్ పోతున్నది. ఆటల ఒక గోడెనుక నలుగురం నక్కినం. నేను గొంతు సవరించుకొని ఆవకాయ ముచ్చట మొదలువెట్టిన. పరేషాన్ల అవతలి టీమ్‌కు వినవడే మైకు గూడ ఆన్ చేసిన. "వెల్లుల్లి దండిగ వేస్తరు..." అంటుండంగనే వాళ్లు రెండు దిక్కులకెళ్లి వచ్చి నలుగురిని లేపేసిన్రు. పోతపోత అండ్ల ఒకడు, "అక్కా, గోంగూర గూడ ఉంటదా?" అని అడిగిండు.

ఏడుపు మొఖాలతోని కిందికి దిగితే పిన్నిగారు చెవిల ఫోను వెట్టుకొని సీసాలు నింపుతున్నది. ఆ వీడియో ఊరంత తిరిగి ఆర్డర్లు వస్తున్నయంట. "రేపు కూడా అలాగే చచ్చిపోండమ్మా!" అన్నది సంబురంగ. మాకేమో గెలవాలని, ఆమెకేమో మేం గట్లనే చావాలని! ఆ రోషానికే ఇంకింత ప్రాక్టీస్ చేసి సంగారెడ్డిల ఒక పోటీ గెలిచినం. ఆ దినం ఒక్క ఆర్డర్ రాలే. అయినా పిన్నిగారు మమ్ముల చుట్టు కూసోవెట్టుకొని, వేడన్నం కలిపి చేతిల ముద్దలు పెట్టింది.

తర్వాత పొట్టి పెండ్లయి జోగిపేటకు పోయింది. ఒకామెకు షిఫ్టులు కుదరలే, ఇంకొకామెకు బెంగుళూరుల కొలువైంది. టీమ్ ఎన్నడు ఆగిందో ఎవ్వరం చెప్పుకోలే. నేనిప్పుడు హైదరాబాదుల ఒక పెద్ద టీమ్‌కు స్పాన్సర్లను తెచ్చే పని చేస్తున్న. ఆటను ఎంతమంది చూస్తున్నరో చూపిస్తే కంపెనీలోళ్లు సంతకం పెడ్తరు, ఎవ్వరూ నవ్వరు.

ఒక్కో ఆదివారం పొద్దుగాల ఆ పాత ఆట తెరుస్త. నా పేరు కింద ఆ ముగ్గురి పేర్లు ఇంక అట్లనే ఉన్నయి, మనుషులే రారు. తెలిసి గూడ 'రెడీ' అని నొక్కి కూసుంట. జెర సేపటికి తెర నల్లగయి అండ్ల నా మొఖమే కనవడ్తది. ఎవల కోసం చూస్తున్నవే పిచ్చిదానా అని నవ్వుకుంట, మళ్ల వేలు పెట్టి తెర వెలిగిస్త.