నూరిన గోరింటాకు రంగు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఈ మాట దూరం నుంచి వింటే సగమే అందుతుంది.

కోరాపుట్‌లో ఒక ఆసుపత్రిలో, పిల్లల ఆపరేషన్ వార్డులో నేను ఆయాగా పనిచేశాను. ఆసుపత్రి పేరెందుకు లెండి. రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో, రాయగడ నుంచి చిట్టి అనే ఆరేళ్ల పాప వచ్చింది. పుట్టుకతోనే పేగు ఉండాల్సిన తీరున అమరక, మెలిపడింది. మా సర్జన్ బాబు పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ సరిచేశాడు. కొద్ది రోజుల్లోనే పాప ఇడ్లీ అడిగింది.

తోడుగా ఉన్నది నాయనమ్మ సూరమ్మగారు. సొంత బట్టల కొట్టులో నలభై ఏళ్లు జాకెట్టు ముక్కలు అమ్మిన మనిషి. ఆయానైనా నన్ను నర్సమ్మ అనే పిలిచేది. చూడగానే, "ఆ సీరకి ఈ రయికేటే నర్సమ్మా? వంకాయకి కాకర తొడిమెట్టినట్టున్నాది!" అనేది.

ఇంటికి పంపే రోజు పొద్దున్నే పాప వాంతి చేసుకుంది. నా వార్డులో మరక నిలవకూడదు, అదే నా గొప్ప. క్షణంలో దుప్పటి తీసి ఫినాయిల్‌లో ముంచేశాను. సర్జన్ బాబు వచ్చి అడిగిన మొదటి మాట, "ఏ రంగు?"

"సూడనేదు బాబూ, ఉతికీసినాను."

ఆయన ముఖం మారిపోయింది. వాంతిలో ఆకుపచ్చని పసరు వస్తే పేగు మళ్లీ మెలిపడి ఉండొచ్చు. ఆలస్యమైతే నెత్తురందక ఆ పేగు చచ్చిపోతుంది.

"నాను సూసినాను," అంది సూరమ్మగారు. వెళ్లేముందు మాకు బొట్టుపెట్టి ఇద్దామని తెచ్చిన జాకెట్టు ముక్కలు మంచం మీద పరిచింది. నిమ్మపండు రంగు తోసేసింది, పసుపుకొమ్ము రంగు తోసేసింది. ఒకటి లాగింది. "ఇది. నూరిన గోరింటాకు. రంగు కాడ నాను తప్పను బాబూ."

ఆయన నవ్వలేదు. వెంటనే స్కాన్, ఆ వెంటే రెండో ఆపరేషన్, ఈసారి పొట్ట కోసి. పేగు మెలి తిరిగే ఉంది, కానీ బతికే ఉంది. పెద్ద కోత కోస్తే పేగులు లోపల కాస్త అంటుకుని నిలబడతాయట. రంధ్రాల ఆపరేషన్‌లో అంతగా అంటుకోవు, అందుకే అరుదుగా మళ్లీ తిరుగుతాయట.

పాప మళ్లీ ఇడ్లీ అడిగింది. ఆ ముక్కను సర్జన్ బాబు వార్డు నర్సు బల్ల అద్దం కింద పెట్టించాడు. ఏ పాప వాంతిలోనైనా ఆకుపచ్చ కనబడితే వెంటనే సర్జన్‌ను పిలవాలని. సూరమ్మగారు పకపకా నవ్వి, "అది నీకని తెచ్చిందే నర్సమ్మా! నీ రయిక రాత మారదింక," అంది.

ఆ తర్వాత నేను డాక్టరుకు చూపించకుండా ఒక్క గుడ్డ ఉతకలేదు. శుభ్రం మంచిదే. చూపించాకే శుభ్రం.

మీ ఇంట పిల్లలు తిన్నది అరిగించుకుని, మారు వడ్డించమని అడుగుతూ చల్లగా ఉండాలి.