ఆవిడ తీసిన స్పష్టమైన ఫోటోలు

ల్యాబులో గాజు డిష్‌లలో గుండె కణాలను పెంచడం, మైక్రోస్కోపు కింద పెట్టి వాటికి ఫోటోలు తీయడం ఆవిడ పని. బాగా కొట్టుకుంటున్న కణాలైతే కాస్త మసకగా వచ్చినా ఫోటో తీసి పక్కన పెట్టేస్తుంది. నీరసించిన డిష్ వచ్చిందా, కుర్చీ ముందుకు లాక్కుని, కళ్ళజోడు నుదుటిమీదికి తోస్తుంది. "ఏమ్మా, ఏమైంది?" అని గొణుగుతూ ప్రతి అంచూ తేటపడేదాకా ఫోకస్ తిప్పుతూనే ఉంటుంది. ఏ కణాలు బతుకుతాయో ముందే చెప్పడానికి ఆ ఫోటోలతోనే కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. పరీక్షల్లో దాని గురి తప్పలేదు. ఒకరోజు పక్క ల్యాబువాళ్ళు మంచి కెమెరాతో తీసిన ఫోటోలు పంపారు. నిక్షేపంగా ఉన్న ఆ కణాలన్నీ చచ్చిపోతాయంది కంప్యూటర్. తవ్వి చూస్తే తేలింది: మసక ఫోటో అయితే కణాలు బతుకుతాయని, స్పష్టమైన ఫోటో అయితే పోతాయని అది నేర్చుకుంది. "మీరు చూసే తీరే ఒంటబట్టించుకుందండీ ఇది," అన్నాడు ప్రోగ్రాము రాసినాయన. ఆవిడ ఫోటోలన్నీ మళ్ళీ మొదటినుంచి, అన్నిటికీ ఒకే తీరున తీయడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళింది. అక్క మంచంమీద దిండుకానుకుని కూర్చుని ఉంది. ఆస్పత్రి రిపోర్టుల్లో ఏముందో ఆవిడకూ బావకూ తెలుసు, అక్కకింకా చెప్పలేదు. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, కళ్ళజోడు నుదుటిమీదికి తోసింది.

"ఏంటే, నన్నే అలా తేరిపార చూస్తున్నావు?" అంది అక్క. "మీ బావ కూడా ఇక్కడే ఉన్నాడుగా."

ఆవిడ బావవైపు తిరిగి, ఆయన్ని కూడా అంతేసేపు చూసింది.