మాస్టరు దగ్గు, మా పాప దగ్గు

మూడు నవలలు వరసగా చదివి, ఊరందరి ముందు నన్ను నేనే నవ్వులపాలు చేసుకున్న సంగతి ఇది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. పెట్టెలో బి.ఏ. పట్టా, ఒళ్లో పది నెలల పాప. పాప పుట్టినప్పటి నుంచి నిద్ర నాకు కాలేజీ పాఠంలాగే మిగిలింది. ఉండేదని గుర్తు, ఎలా ఉండేదో గుర్తులేదు.

మా జహీరాబాదు లైబ్రరీ నవలలకు గట్టి అట్టలు, ఎర్ర బట్ట బైండు. లోపల ఎవరో ఒకరు దగ్గవలసిందే. మొదటి నవలలో నాయిక సగంలో దగ్గింది. రెండోదాంట్లో నాయకుడి చెల్లెలు పెళ్లిపీటల మీద దగ్గింది. మూడోదాంట్లో స్కూలు మాస్టరు మొదటి పేజీలోనే మొదలుపెట్టాడు. మూడు వందల పేజీలు దగ్గినా ఆయన అలసిపోలేదు, నేనే అలసిపోయాను. అందరికీ రుమాలు మీద ఎర్రటి మరక. డాక్టరు వస్తాడు, చెయ్యి పట్టి చూస్తాడు, మెల్లగా కళ్లద్దాలు తీస్తాడు. అంతే, ఇక ఆ మనిషి దక్కదని అర్థం! ఆడవాళ్లిద్దరికీ డాక్టర్లు అద్దాలు తీసేశారు. మాస్టరుకు ఇంకా ఒక్క పేజీ ఉంది.

సరిగ్గా అక్కడ పాలు పొంగాయి. పాపనూ పుస్తకాన్నీ మంచం మీద బొంతలో వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి పాప పెదవులు ఎరుపు, గడ్డం ఎరుపు, జుబ్బా మీద ఎర్రటి చొంగ. పైగా చిన్నగా దగ్గింది!

"అత్తమ్మా! రక్తం!" అని కేక పెట్టి, పాపను బొంతతో సహా చుట్టి ఎత్తుకున్నాను.

"ఆగే పిల్లా, జర మూతి తుడిచి సూడు. నవ్వుతున్నది గదనే బిడ్డ!"

"ఆఖరిదాంక నవ్వుతనే ఉంటరు అత్తమ్మా! మీకు తెల్వదు!"

"ఎవలే?"

రెండో నవలలోని చెల్లెలని ఎలా చెప్పను?

మా ఆయన ఆఫీసు పని మీద మొగుడంపల్లి పోయారు. అత్తమ్మా నేనూ దొరికిన టాంగా ఎక్కాం. ఆ గుర్రం నాకంటే తక్కువ నిద్రపోయినట్టుంది.

"జర జల్దీ పోనియ్యి అన్నా!"

"ఫికర్ చెయ్యకక్కా. దవాఖాన ఏడికి పోదు."

దవాఖానలో నా ఏడుపు చూసి, చెయ్యి విరిగినవాడు కూడా దారి ఇచ్చాడు. డాక్టరు సాబ్ బల్ల మీద బొంత విప్పారు. పాప నోట్లో వేలు పెట్టి తిప్పారు. తర్వాత, మెల్లగా, కళ్లద్దాలు తీశారు.

నేను నేల మీద కూలబడ్డాను.

"ఏమైందమ్మా? బిడ్డ చొంగ అద్దాల మీద పడ్డది, తుడుసుకుంటున్న" అన్నారాయన. బొంతలోంచి ఎర్ర నవల తీసి పైకెత్తారు. మూలలన్నీ నమిలి ఉన్నాయి. "ఇగో, నీ రక్తం. తడిస్తె రంగు పోతది. కాయిదం గొంతుల తట్టి దగ్గింది, గంతే." ఆయన వేలికి అంటిన కాగితం ముక్క మీద 'సమాప్తం' అన్న మాట ఒక్కటే మిగిలింది.

"మా కోడలు బీయే సదివింది సారూ" అంది అత్తమ్మ, వరసలో ఆఖరివాడికి కూడా వినపడేలా.

మర్నాడు లైబ్రరీలో పుస్తకాలిచ్చే మాణిక్యప్ప ఆ నవల తిరగేశాడు.

"ఆఖరి పేజీ ఏదమ్మా?"

"మా పాప తిన్నదన్నా."

"చింపినోళ్లను సూసిన, తడిపినోళ్లను సూసిన. తిన్నోళ్లను ఇప్పుడే సూస్తున్న! సరే, ఆఖరికి ఏమైందో రాసియ్యి, అతికిస్త. లేకుంటె చదివినోళ్లంత నన్నే అడుగుతరు."

ఆ పేజీ నేనూ చదవలేదని చెప్పడానికి సిగ్గేసింది. కూర్చుని రాశాను. పాపను గుండెకదుముకుని దవాఖానకు పోయి వచ్చిన మర్నాడు, ఎవరినీ చంపబుద్ధి కాలేదు. మాస్టరు దగ్గు తగ్గిపోయింది, డాక్టరు పకపకా నవ్వి కళ్లద్దాలు పెట్టుకున్నాడు, సమాప్తం.

నెల తర్వాత పక్కింటి టీచరమ్మ ఆ నవల చదివి వచ్చింది. నా దొంగరాత బయటపడిందనే అనుకున్నాను.

"గీ నవల మా అక్కోళ్లింట్ల గూడ ఉన్నది. అండ్ల గూడ మాస్టరు బతుకుతడు. గని మన లైబ్రరీ దాంట్ల ఎవలో చేత్తోని రాసి అతికిచ్చిన పేజీల డాక్టరు ఎందుకో ఊకె నవ్వుతుంటడు!"

అంటే అచ్చయిన పేజీలోనూ మాస్టరు బతికాడు! పాలు ఒక్క నిమిషం ఆగి పొంగి ఉంటే, ఎర్ర మరక పడ్డాక కూడా బతికేవాళ్లు ఉంటారని నాకు తెలిసేది.

ఇప్పుడు రెండోవాడు పాకుతున్నాడు. ఇద్దరూ పడుకున్న ఈ కాస్త సమయంలో, సరస్వతి మీద ఒట్టు వేసి రాస్తున్నాను: ఇకమీదట ఏ నవలైనా ఆఖరి పేజీ ముందు చదువుతాను. పిల్లలకు ఆకలి వేయకముందే.