ఇంకో చుట్టు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఏం చేశారంటే, అని మొదలుపెడితే చాలు, మా మనవరాలు ఫోన్ పెట్టేస్తుంది. అందుకే కోపం కొద్దీ ఇక్కడ రాస్తున్నాను. ఒకసారి ఎలాగో చెవిన వేశాను గానీ, రాసి ఉంటే ఎప్పుడైనా మళ్ళీ చదువుతుందేమో చూద్దాం.

ఆ పిల్ల వేరే రాష్ట్రంలో విమానం నడపడం నేర్చుకుంటోంది. ఇద్దరు మాత్రమే పట్టే చిన్న విమానం. పోయిన వారం ఒంటరిగా దించుతుంటే చక్రాలు రన్‌వేకి గట్టిగా తగిలి విమానం బంతిలా పైకి లేచింది. అప్పుడే ఇంజను జోరు పెంచి పైకి వెళ్ళిపోయి, ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ దిగొచ్చట. మొదటి రోజు నుంచీ అదే నేర్పుతారట. ఈవిడ వినలేదు. ముక్కు కిందికి వంచి బలవంతాన దించబోయింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ వంచింది. చివరికి ముందు చక్రం విరిగి విమానం గడ్డిలోకి జారిపోయింది. గడ్డం మీద కుట్లు పడ్డాయి. అంతకు ముందే తోటి కుర్రాడొకడు అచ్చం ఇలాగే చక్రం విరగ్గొట్టుకోవడం కళ్ళారా చూసింది కూడా.

పైకి ఎందుకు లేవలేదే అని అడిగాను. "కింద నాతో నేర్చుకునేవాళ్ళందరూ సూస్తన్నారు నానమ్మా. మళ్ళీ లెగిస్తే భయపడిపోయాననుకుంటారు" అంది. నాకు ఒళ్ళు మండింది. మా అబ్బాయేమో "ఇంక సాలు, ఇంటికొచ్చెయ్" అని దాన్ని పిలుస్తున్నాడు. అదీ ఇక విమానం ఎక్కనంది. ఇద్దరి మాటా నాకు నచ్చలేదు.

మాది విజయనగరంలో సంగీతం చెప్పుకునే ఇల్లు. మా తాతయ్య నాకు గాత్రం నేర్పేవారు. పాట మధ్యలో అప్పటికప్పుడు స్వరాలు అల్లుకుంటూ పోయి, తాళంలో సరిగ్గా పల్లవి ఎత్తుకునే చోట దిగాలి. నాకు ఆ దిగడమే వచ్చేది కాదు. చోటు దగ్గర పడేసరికి కంగారు పుట్టి, మిగిలిన స్వరాలన్నీ కుక్కేసి పల్లవి మీద పడేదాన్ని. తాళం తప్పేది, గొంతు చిట్లేది. "తొందరేటే? పల్లవి ఎక్కడికి పోతాది? ఇంకో సుట్టు తిరిగి రా" అనేవారు తాతయ్య. రోజూ అదే మాట. విసుగొచ్చి తంబురా పక్కన పెట్టి వెళ్ళిపోయేదాన్ని. ఇంకో చుట్టు తిరిగితే చేతకాలేదని అందరికీ తెలిసిపోదా అని నా ఏడుపు.

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో తాతయ్య కచేరీకి నన్నూ పక్కన కూర్చోబెట్టారు. ముందు వరుస నిండా తాళం వేసుకుంటూ తప్పులు పట్టే పెద్దమనుషులే. ముందు ఆయన స్వరాలు పాడారు. పల్లవి చోటు వచ్చింది. దిగుతారని అందరి చేతులూ సిద్ధమయ్యాయి. ఆయన దిగలేదు. దాన్ని అలాగే దాటిపోనిచ్చి, ఏమీ జరగనట్టు తాళంలో ఇంకో చుట్టు తిరిగి, రెండోసారి నింపాదిగా పల్లవి అందుకున్నారు. ముందు వరుసలో ఇద్దరు ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు. పెద్దాయన తడబడ్డాడనుకున్నారు. నేనూ అలాగే అనుకుని సిగ్గుతో తల దించుకున్నాను.

అప్పుడాయన నా వైపు వంగి "సూశావా, ఎవరూ సావలేదు. ఇప్పుడు నువ్వు పాడు" అన్నారు. అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు, ఆ చోటు ఆయన కావాలనే వదిలేశారని. ఊళ్ళో అంత పేరున్న మనిషి, నా ఒక్కదాని కోసం ఆ నవ్వు నెత్తినేసుకున్నారు.

నేను పాడాను. మొదటిసారి పల్లవి అందలేదు, వదిలేశాను. తాళం మాత్రం చెదరలేదు. తర్వాతి చుట్టులో దిగాను.

అదంతా నిన్న రాత్రి ఫోన్ పెట్టేయనివ్వకుండా మనవరాలికి మొదటి నుంచీ చెప్పాను. పొద్దున్న వాళ్ళ నాన్నకి, నేర్పే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ రోజు మళ్ళీ ఎక్కుతానని మెసేజ్ పెట్టింది. మా అబ్బాయి నా మీద అలిగి కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా చెయ్యి దానంతట అదే తొడ మీద తాళం వేస్తోంది. ఫోన్ వచ్చాక బాగా దిగావా అని అడగను. ఎన్ని చుట్లు తిరిగావే అని అడుగుతాను.