నందివర్ధనం కింద ఐదు గూళ్లు

మా ఆయన చీమను కూడా చంపడు. ఈ సంగతి తిరుపతిలో మా చుట్టాలందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెబుతాడు. గుళ్లో ఉద్యోగం, నుదుట నామం, నోట ఎప్పుడూ ప్రాణుల మీద దయ.

ఆశ్వయుజంలో వానలు మొదలైతే నేను పెరటి గోడకు ఆయన పాత పంచె కట్టి, ముందు బల్బు వేలాడదీస్తాను. తెల్లారేసరికి పంచె నిండా చిమ్మటలు వాలి ఉంటాయి. కాఫీ పెట్టేలోపు వాటి ఫొటోలు తీసి, రంగూ రెక్కల గుర్తులూ నోటుపుస్తకంలో రాసుకుంటాను. మూడేళ్లుగా ఇదే పని. "పురుగులకు జాతకాలు రాస్తా ఉండాదప్పా" అని ఆయన ఇంటికొచ్చినవాళ్లతో చెప్పి నవ్వుతాడు. నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకు కాఫీ ఇచ్చేదీ నేనే.

ఒక పేజీ మాత్రం ఖాళీగా ఉంచాను. ఆకుపచ్చ రెక్కల మీద గులాబీ చారలుండే పెద్ద చిమ్మట కోసం. కార్వేటినగరం మాస్టారొకాయన చిమ్మటలు చూసేవాళ్ల ఫోన్ గ్రూపులో దాని ఫొటో పెట్టినప్పటినుంచి నాకు అదే ధ్యాస. దాని గొంగళిపురుగు నందివర్ధనం ఆకులు తింటుందని ఆయనే చెప్పాడు. మా పెరట్లో ఉన్నదీ నందివర్ధనమే. రోజూ పూజకు ఆ పూలే.

ఈ ఏడాది ఆ చెట్టుకు పురుగులొచ్చాయి. వేలంత లావు, మెడ దగ్గర నీలి కళ్లలాంటి మచ్చలు. పూలచెట్టు పాడైపోతోందని ఆయన గొణిగితే, కొన్నాళ్లు ఓర్చుకోమని బతిమాలాను. అవి ఒక్కొక్కటే కిందికి దిగి రాలిన ఆకుల్లో గూళ్లు కట్టుకున్నాయి. ఐదు. రోజూ ఆకు ఎత్తి చూసి మళ్లీ కప్పేదాన్ని. చివరికి పలచటి గూట్లోంచి రెక్కల పచ్చదనం కనబడింది. ఇక ఒకటి రెండు రోజులే అనుకున్నాను.

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి చెట్టు కింద నేల నున్నగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది.

"ఆడ గూళ్లుండె గదండీ?"

"రేపట్నుంచి కార్తీకం. పురుగుల్లో నిలబడి పూలు కోసేదా? సంపలేదులే. చేటలోకెత్తి గోడవతల వదిలినా. అయ్యీ ప్రాణులే గదా."

గోడవతల ఖాళీ స్థలం. వీధి చెత్తంతా అక్కడే వేసి పొద్దున్నే తగలబెడతారు. పరుగెత్తాను. పుల్లతో బూడిద కెలికితే ఒకటి దొరికింది, నల్లగా మాడి. రోజూ అక్కడ తగలబెడతారని పాతికేళ్లుగా ఈ వీధిలో ఉన్న మనిషికి తెలియదా? తెలుసు. కానీ అగ్గిపుల్ల గీసింది ఆయన కాదు.

తిరిగొస్తే ఆయన పూలు కోస్తున్నాడు. "ఈ పొద్దు ఎన్ని రాసినావు?" అన్నాడు. మూడేళ్లలో అలా అడగడం అదే మొదలు.

లోపలికి వెళ్లి ఆ ఖాళీ పేజీ తీసి రాశాను: "ఐదు. చంపలేదట."